మూడువందలవ మెట్టు

గడచిన 2025వ సంవత్సరము నవంబరు నెల నడుమ మూడు దినములు బెంగుళూరు నగరమున స్త్రీల టెన్నిసు పోటీలు జరిగినవి. బిల్లీ జీన్ కింగ్ కప్పు అనబడు ఈ పోటీ ఎవరికి వారు ధనార్జనకై ఆడునది కాదు. దేశము పేర జట్టుగా ఆడునది. స్లొవేనియా, నెదర్లాండ్సు దేశములు ఆ దినములలో మనకు ప్రతిపక్షములు. మన జట్టునందు ఇరువురు తెలుగు యువతులు ఉండిరి. ఒకరు యమలపల్లి సహజ. రెండవవారు భమిడిపాటి శ్రీవల్లి రష్మిక. మన జట్టు పై మెట్టునకు పోజాలలేదు.

కుప్పము స్టేషనులో రైలెక్కినవాడు మూడు గంటలలోపల బెంగుళూరు చేరును. మదనపల్లె, పుంగనూరులనుండి బస్సు ప్రయాణము దానికంటె కొంచెము అధికము. మనవారు వైద్యమునకును, వ్యాపారమునకును, పిల్లల కొలువులకును వారమున కొకమారు అక్కడికి పోయి వచ్చుచునే యుందురు. అయినను ఆ మూడు దినములలో ఈ ఆట చూడబోయినవారిని ఒక్కరినైనను మేమెరుగము. పోటీ ముగిసిన మరునాటి సాయంకాలము పఠనమందిరమున ఒక మిత్రుడు పత్రిక మడచి బల్లపై వేసి, “మూడువందల ర్యాంకువారిని పంపినచో ఓడక ఏమగును?” అనెను. ప్రక్కనున్నవారు, “మూడువందలు కూడ ఒక ర్యాంకేనా?” అని నవ్విరి. వారితోకూడ మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ నవ్వు మాకే సిగ్గు కలిగించినది. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు కారణము.

మూడువందలు కూడ ఒక ర్యాంకేనా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పవలసినది ఆ బాలికలు కాదు, మనము. ఇందుకు ముందుగా వారిలో ఒకరి చరిత్రను సంగ్రహముగా విన్నవింతుము.

కుమారి యమలపల్లి సహజ తెలంగాణమునకు చెందిన క్రీడాకారిణి. చిన్ననాట ఇక్కడనే ఆట నేర్చి, కళాశాల వయస్సు రాగానే అమెరికాకు పోయినది. టెక్సాసు రాష్ట్రమందలి సామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయమున చదువుచు, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడినది. చదువు ముగిసిన తరువాత మనవారిలో పెక్కండ్రు చేయునట్లు అక్కడనే కొలువు వెదకికొనక, రాకెట్టు చేతబట్టి వృత్తిక్రీడాకారిణియై ఊరూర తిరుగుటకు ఆరంభించినది. 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో బొంబాయి నగరమున జరిగిన స్త్రీల పోటీలో ఆమెకు మొదటి ఆటయందే కేలా డే అను అమెరికా యువతి ఎదురుపడినది. కేలా డే ఆనాడు లోకపు మొదటి నూరుమందిలో ఒకతె. ఆ పోటీయందు ఆమెకే అగ్రస్థానమిచ్చి యుండిరి. సహజ స్థానము మూడువందలు దాటియున్నది. మొదటి సెట్టు 6-4గా సహజ గెలిచెను. రెండవది 1-6గా పోయినది. ఇక ఆమె పని అయిపోయినదని అందరును తలచియుందురు. మూడవ సెట్టును ఆమె 6-4గా గెలిచెను. ఆ సంవత్సరమే ఆమె స్థానము మూడువందలలోపలికి వచ్చినది.

ఆ వారపు బహుమతి మాత్రము ఆమెకు రాలేదు. అది లాత్వియా దేశపు దర్యా సెమెనిస్తయకు పోయినది. టెన్నిసు యొక్క క్రమమే అట్టిది. ఒక వారమున 32 మంది ఆడిన 31 మంది ఓడి ఇంటికి పోవలసినదే. ఓటమి ఈ వృత్తియందు అవమానము కాదు, నిత్యకృత్యము. మరుసటి వారము మరియొక ఊరు, మరియొక కోర్టు, మరల మొదటి ఆట. కోర్టు అను మాట మా వృత్తివారికిని వీరికిని సామాన్యమే గాని, మా కోర్టులో ఓడిన కక్షిదారు ఖర్చులు భరించును. వకీలునకు ఫీజు ముట్టును. వారి కోర్టులో ఓడినవారే ఖర్చులును భరింపవలయును.

ఈ ఖర్చుల లెక్కను చదువరులు ఓపికతో వినవలయునని ప్రార్థించుచున్నాము. లెక్క తెలియక చేయు పరిహాసము అజ్ఞానము. తెలిసిన తరువాతను చేసినచో అది దోషమగును.

అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్యవారు 2013వ సంవత్సరపు లెక్కలను తీసి ఒక విచారణ జరిపిరి. ఒక క్రీడాకారిణి ఏడాది పొడుగున పోటీలకు తిరుగుటకు ప్రయాణము, బస, భోజనము, దుస్తులు, రాకెట్టునకు తీగెలు బిగించుట మొదలగు వానికన్నింటికిని సగటున 40,180 డాలర్లు అగుచున్నట్లు తేలినది. ఆనాటి మారకమున అది మన రూపాయలలో ఇంచుమించు 23, 24 లక్షలు. శిక్షకుని జీతము ఇందులో చేరలేదు. ఇంత ఖర్చు పెట్టి, ఆటవలన వచ్చు బహుమానముతోనే దానిని సరిపెట్టుకొనగలుగుటకు ఒక స్త్రీ లోకమున 253వ స్థానమునకైనను రావలయునని అదే విచారణ చెప్పినది. అనగా 254వ స్థానమందున్న యువతి, ఈ విశాల ప్రపంచమున తనకంటె బాగుగా ఆడువారు 253 మందియే యున్నను, సంవత్సరాంతమున అప్పుతో ఇల్లు చేరుచున్నదన్నమాట!

వచ్చుబడి మాటేమి? ఈ వృత్తి యొక్క అడుగు మెట్టున 15,000 డాలర్ల పోటీలున్నవి. ఈ 15,000 ఒక్కరికి వచ్చునది కాదు. వారమంతయు ఆడినవారందరును పంచుకొనవలసిన మొత్తము. గెలిచినవారికి రెండువేల డాలర్ల పైచిలుకు ముట్టును. మొదటి ఆటలో ఓడినవారికి నూటయేబది డాలర్ల ప్రాంతము, అందులోను పన్ను పోగా మిగిలినది. పైని చెప్పిన ఏడాది ఖర్చు రావలయునన్న, ఇట్టి పోటీలను సుమారు 19 మారులు గెలువవలయును. పంతొమ్మిది వారములు ఒక్క ఆటయైనను ఓడకుండుట మానవసాధ్యమా?

అంకెల మాట కూడ అట్టిదే. 15,000 డాలర్ల పోటీ గెలిచినవారికి ర్యాంకునకై లభించు పాయింట్లు 2024వ సంవత్సరమునుండి 15. వింబుల్డను వంటి మహాపోటీ గెలిచినవారికి 2,000. గెలిచిన పాయింట్లును శాశ్వతములు కావు. 52 వారములు గడచినంతనే అవి చెల్లిపోవును. మన రైతు ఒకమారు తవ్విన బావి మరుసటి ఏటను నీరిచ్చును. ఈ వృత్తిలో ఏటేట క్రొత్త బావి తవ్వవలసినదే. నెల రోజులు జ్వరమో, మణికట్టు నొప్పియో వచ్చెనా, మూడేండ్లు ఎక్కిన మెట్లు మూడు నెలలలో దిగవలసివచ్చును. మన తెలుగు బాలికయే యడ్లపల్లి ప్రాంజల చిన్నవయస్సుననే దేశము కన్నులలో పడి, దేశపు జట్టుకును ఎంపికయై, మూడువందలలోపలికి వచ్చిన పిదప, గాయముల మూలమున చాలకాలము ఆటకు దూరము కావలసివచ్చెను. ఇది ఆమె దోషమని ఎవరు చెప్పగలరు?

ఇంకొక విచిత్రము గమనింపుడు. నాలుగు మహాపోటీలకు ముందుగా అర్హతపోటీలు జరుగును. లోకమున 220, 230 స్థానముల లోపలివారికి అందు ప్రవేశము దొరకును. 2025లో వింబుల్డను ప్రధానపోటీయందు మొదటి ఆటలోనే ఓడినవారికి 66,000 పౌనులు ఇచ్చిరి. అమెరికా మహాపోటీలో 1,10,000 డాలర్లు. అర్హతపోటీలో మొదటి ఆట ఓడినవారికి సయితము అమెరికావారు 27,500 డాలర్లు ఇచ్చిరి. అనగా 230వ స్థానమందున్న యువతి ఏడాదికి నాలుగుమారులు ఓడినను తిండికి, ప్రయాణమునకు లోటుండదు. 300వ స్థానమందున్న యువతి నెలకొక పోటీలో మూడేసి ఆటలు గెలిచినను అప్పు తీరదు. ఈ ఇరువురి ఆటకును గల తారతమ్యము వెంట్రుకవాసి. వారి బ్రతుకులకు గల తారతమ్యము కొండయు లోయయు. పఠనమందిరమున మనము నవ్వినది ఈ లోయ అంచున నిలుచున్న ఆడుబిడ్డను చూచి.

మదనపల్లె టమాటా మార్కెట్టును ఎరిగినవారికి ఈ బ్రతుకును వేరుగా వివరింప నక్కరలేదు. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటి అమ్మిన పండును, ధర పడిపోయిన ఏండ్లలో బండి కూలియైనను రాక దారిప్రక్కన పారబోసిపోయిన రైతులను మనము చూచినాము. ఆ రైతును సోమరి అని మనము అనలేదు. పంట పండింప చేతకానివాడనియు అనలేదు. పండించుట అతని చేతిలోనున్నది, ధర అతని చేతిలో లేదని మనకు తెలియును. మరి ఈ క్రీడాకారిణియెడల మాత్రము ఆ న్యాయమేల చూపము? పైగా రైతునకు ధర పోయినను భూమి మిగులును. ఈమెకు భూమియు, ఎద్దులును, విత్తనమును అన్నియు తన శరీరమే. దాని సాగుకాలము పది పదునైదేండ్లు మాత్రమే.

మా వృత్తి సాక్షిగా ఒక సంగతి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట పుంగనూరు దిక్కునుండి ఒక చిన్న ఉద్యోగి మా కచేరికి వచ్చి, తన ఇంటిస్థలము తాకట్టుపెట్టుటకు పత్రము వ్రాయుమని కోరెను. వివాహమునకా, వైద్యమునకా అని అడిగితిమి. ఆయన కొంచెము సంకోచించి, “పాప ఆటకు సార్” అనెను. పదునాలుగేండ్ల కూతురు. మూడేండ్లుగా సిమెంటు నేలమీద బంతి కొట్టుచున్నది. బెంగుళూరున వారాంతపు శిక్షణకును, పిల్లల పోటీలకును తీసికొనిపోవలయును. మేము లోకజ్ఞానము ఎరిగినవారివలె, స్థలము పోయినచో మరల సంపాదించుట కష్టమని హెచ్చరించితిమి. ఆయన, “స్థలం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు సార్. పాపకు ఈ రెండేండ్లు పోతే మళ్ళీ రావు” అనెను. దానికి మావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. పత్రము వ్రాసితిమి.

రెండేండ్ల తరువాత ఆ బాలిక ఆట మానివేసినది. ఇంటర్మీడియటులో చేరినది. బాగుగనే చదువుచున్నదని వింటిమి. తండ్రి నేటికిని వడ్డీ కట్టుచున్నాడు. ఆ మధ్య బజారున కనబడినప్పుడు మేము అడుగకయే, “బస్సు ఛార్జీలకూ, లాడ్జీలకే సగం పోయింది సార్” అని మాత్రము చెప్పి వెడలిపోయెను. ఆ బాలిక సహజ యంతటిది అయియుండునని మేము వాదింపము. కాకపోయియు నుండవచ్చును. ఏది నిజమో తేలుటకు ముందే ఆ వ్యాజ్యము ఖర్చుల క్రింద కొట్టివేయబడినదని మాత్రమే మా మనవి. విచారణ లేకయే తీర్పు చెప్పుట ఏ ధర్మశాస్త్రమును ఒప్పుకొనదు.

ఇక ప్రతిపక్షమువారి వాదములను కూడ వినుట న్యాయము.

“ఇది ధనవంతుల ఆట, దీనికి లోకుల సొమ్మేల?” అందురు. ధనవంతుల ఆట అగుటకు కారణమే లోకుల సొమ్ము దీనికి చేరకపోవుట గదా! కోర్టు వేయుటకు కావలసినది ఇరువదియారు గజముల పొడవు, పండ్రెండు గజముల వెడల్పు గల ఆటస్థలము, దాని చుట్టును కొంచెము ఖాళీ, ఒక వల. ఇది రాజభవనము కాదు. బడి ఆవరణమున కోర్టు లేనప్పుడు క్లబ్బు కోర్టు మిగులును. క్లబ్బులోనికి చందాదారుని బిడ్డకే ప్రవేశము. ఆటకు కులమును, ధనమును మనము అంటగట్టి, పిమ్మట ఆ ఆటనే నిందించుట ఏమి తర్కము?

“ఇది ఆమె స్వంత వృత్తి, గెలిచిన సొమ్ము ఆమెదే గదా, ఖర్చు మనదేల?” అని కొందరందురు. మంచిది. అయినచో ఆమె గెలిచిననాడు మనము ఊరేగింపు చేయరాదు. మన తెలుగుబిడ్డ యని పత్రికలు వ్రాయరాదు. కష్టము ఆమెది, కీర్తి మాత్రము ఉమ్మడి ఆస్తి యను విభాగపత్రమును ఏ న్యాయస్థానమును అంగీకరింపదు. అంతియగాక దేశము పేర ఆడు దినములలో ఈ బాలికలు తమ ర్యాంకునకై ఆడవలసిన వారములను వదలుకొని వచ్చుచున్నారు. 2025 ఏప్రిలులో పూనా నగరమున జరిగిన పోటీలలో శ్రీవల్లి రష్మిక తాను ఆడిన ఒంటరి ఆటలలో ఒక్కటియు ఓడక మన జట్టును బెంగుళూరు దాక తీసికొనిపోయినది. ఆ జట్టు బెంగుళూరున ఓడినదని మనకు తెలిసినది. ఎవరి భుజములమీద అంతదూరము వచ్చినదో తెలియలేదు.

“ఆడుపిల్లలకు ఇది యేల?” అను మూడవ వాదమును ఈనాడు ఎవరును బహిరంగముగా చెప్పరు. కాని సాయంకాలము ఆరుగంటలకు మన ఊరి మైదానములను చూచినచో ఆ వాదము ఎంత బలముగా నున్నదో తెలియగలదు. లీలా రావు అను భారత వనిత 1934లోనే వింబుల్డను మైదానమున ఆట గెలిచినది. ఆనాడు ఆ గెలుపు మన స్త్రీలలో మొదటిది. 1998లో కోయంబత్తూరు యువతి నిరుపమా వైద్యనాథన్ ఆస్ట్రేలియా మహాపోటీ ప్రధానభాగమున ఇటలీ క్రీడాకారిణిని ఓడించినది. ఆమె ఎక్కిన అత్యున్నత స్థానము 134. అహమ్మదాబాదు యువతి అంకితా రైనా 2018లో ఆసియా క్రీడలయందు కంచుపతకము తెచ్చి, 2020లో 160వ స్థానము చేరినది. వీరెవరును లోకపు మొదటి పదిమందిలోని వారు కారు. కాని తొంబది ఏండ్లుగా ఈ దారిని మూసికొనిపోనీయక నడచినవారు వీరే.

సానియా మీర్జాను ఉదాహరించి, “ప్రతిభ యున్నచో అదే పైకి వచ్చును” అనువారు ఆమె చరిత్రను సగమే చదివినవారు. 2003 మొదలు 2005 వరకు హైదరాబాదుననే స్త్రీల ప్రపంచస్థాయి పోటీ జరిగెను. ఇంటినుండి పోయి ఆడుటకు ఆమెకు వీలు చిక్కినది. 2004లో అక్కడ జంటపోటీ గెలిచెను. 2005 ఫిబ్రవరిలో ఒంటరిపోటీ గెలిచెను. అంతవరకు ఏ భారత వనితయు అట్టి పోటీ గెలిచియుండలేదు. 2007 ఆగస్టునకు 27వ స్థానము, 2015 ఏప్రిలునకు జంటపోటీలయందు లోకమున ప్రథమస్థానము, మొత్తము ఆరు మహాపోటీల జంటబహుమతులు. ఆమె ప్రతిభ ఎవరును ఈయగా వచ్చినది కాదు. కాని ప్రతిభ నిలుచుటకు మొదటి మెట్టు స్వదేశమున, స్వనగరమున ఉండినది. 2008 తరువాత ఆ మెట్టు తీసివేయబడినది. మరల అట్టి పోటీ మన దేశమున జరిగినది 2022లో, చెన్నపట్టణమున. ఆ పదునాలుగేండ్లలో పెరిగిన బాలికలు ఈనాటి మూడువందల ర్యాంకువారు. నిచ్చెన తీసివేసి, పైకి ఎక్కలేదని నవ్వుట మనకు తగునా?

విజయమునకు పిమ్మట సత్కారము చేయుటలో మనము వెనుకబడలేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వము సానియాకు కోటి రూపాయలిచ్చి గౌరవించినది. ఆమె దానికి అన్నివిధముల అర్హురాలు. కాని చెట్టు ఫలించిన పిమ్మట పోసిన కడవ నీటికంటె మొలకకు పోసిన చెంబెడు నీరు విలువైనదని ఏ సేద్యగాడైనను చెప్పును. ఆ కోటిలో పదియవ వంతు, అనగా పది లక్షలు, ఏటేట ఇరువురు మువ్వురు బాలికల ప్రయాణముల కిచ్చిన ఎట్లుండునో ఆలోచింపవలయును.

సాయము లేనిచోట చెడు చేరునని కూడ మరువరాదు. 2018లో టెన్నిసు నిజాయితీని గూర్చి జరిగిన స్వతంత్ర విచారణ, ఖర్చులు గిట్టించుకొనగలవారు మొదటి 250 మొదలు 350 మందివరకే యనియు, జూదగాండ్రు సొమ్ము చూపి ఆటలు ఓడిపొమ్మని అడుగుట ఈ క్రింది మెట్లయందే అధికమనియు తేల్చినది. నూటయేబది డాలర్లకు ఆడు బాలిక చెంతకు వేల డాలర్ల సంచితో ఒకడు వచ్చి, ఒక్క సెట్టు విడిచిపెట్టుమని అడుగును. కాదని త్రోసివేసి, మూడవ తరగతి బస్సెక్కి మరుసటి ఊరికి పోవు వందలాది యువతులను ఎవరును సన్మానింపరు. అట్టి నిజాయితీకి ర్యాంకు లేదు. ఉండిన, అందు వీరే ముందుండెదరు.

మరి మనము చేయవలసినదేమి? సహజ చరిత్రయే మార్గము చూపుచున్నది. ఆమె చదువుటకును, ఆడుటకును ఒకేచోట వీలు కల్పించినది అమెరికా విశ్వవిద్యాలయము. అక్కడి కళాశాలలు ఆటగాండ్రకు విద్యావేతనమిచ్చి, శిక్షకుని పెట్టి, పోటీలకు పంపును. ఆటలో పై మెట్టు చేరనివారికి పట్టమైనను మిగులును. అట్లు చేయుటకు మన కళాశాలలకు అడ్డమేమి? మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల 1915లో వెలసినది. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఆ కళాశాలకు వచ్చి, అక్కడనే జనగణమన గీతమును ఇంగ్లీషున పెట్టిరి. కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపితమైనది. దానికి స్థలమునకు కొదువ లేదు. అంత పెద్ద పనులు జరిగిన ఊళ్ళయందు ఒక ఆడుబిడ్డ హాజరు మినహాయింపు కొరకును, పరీక్ష మరల వ్రాయుటకొరకును ఆఫీసు గది ముందు నిలువబడవలసిన దుర్దశ ఉండరాదు.

మా ప్రార్థనలు నాలుగు. అవి చిన్నవి, మన శక్తికి మించినవి కావు.

మొదటిది: మదనపల్లె, పుంగనూరు, కుప్పములయందు ఒక్కొక్క బాలికల పాఠశాల ఆవరణమున ఒక్కొక్క సిమెంటు కోర్టు వేయవలయును. సాయంకాలము దానికి దీపములుండవలయును. ఆ గంటలు బాలికలకే కేటాయింపవలయును. తాళపుచెవి అధికారివద్ద గాక బడివద్ద ఉండవలయును.

రెండవది: మన కళాశాలలు ఏటేట ఇరువురు బాలికలనైనను ఆట నిమిత్తము జీతము లేక చేర్చుకొని, పోటీలకు పోయిన దినములను హాజరుగా పరిగణింపవలయును.

మూడవది: వకీళ్ళు, మార్కెట్టు మండీ యజమానులు, పట్టువస్త్ర వ్యాపారులు, ఉపాధ్యాయులు కలసి ప్రయాణనిధి యొకటి సమకూర్పవలయును. గెలిచినవారికి బహుమానమిచ్చు నిధులు చాలనున్నవి. ఇది ఆడినవారికి ఛార్జీలిచ్చు నిధిగా నుండవలయును. ఓడినను ఛార్జీ ఛార్జీయే గదా! 2025 జనవరిలో బెంగుళూరున లక్ష డాలర్ల స్త్రీల పోటీ జరిగినది. అట్టివి మన ముంగిట జరుగునప్పుడు పిల్లలను తీసికొనిపోయి చూపుటయు ఈ నిధి పనియే. జమాఖర్చులు నెలనెల పఠనమందిరపు తలుపుమీద అతికింపవలయును. ఆ లెక్కలు వ్రాయు పనిని ప్రతిఫలము లేక మేము చేసెదము.

నాలుగవది: రాష్ట్రప్రభుత్వము తన నగరములయందు ఏడాదికి కొన్ని చిన్న పోటీలనైనను, 15,000 డాలర్లవి, జరిపింపవలయును. విజయవాడనో తిరుపతినో ఆడి నాలుగు పాయింట్లు తెచ్చుకొను బాలిక, అవే నాలుగు పాయింట్లకై సముద్రములు దాటి పోనక్కరలేదు.

ఇక మా దోషము మేము ఒప్పుకొనవలయును. పత్రికలవారము గెలుపులను పెద్దయక్షరములలోను, ఓటములను చిన్నయక్షరములలోను అచ్చువేయుచు, మొదటి ఆటలో ఓడినవారి పేరే ఎత్తకున్నాము. చదువరికి ర్యాంకనగా ఒకటియే అని నేర్పినవారము మేమే. ఈ వారము మొదలుకొని తెలుగు బాలికలు ఏ దేశమున ఏ చిన్న పోటీ ఆడినను, గెలిచినను ఓడినను, ఆ ఫలితమును ఈ పుటయందే అచ్చువేయ నిశ్చయించినాము.

మా వృత్తిలో ఒక యువకుడు పట్టము పుచ్చుకొని, పెద్ద వకీలు గదిలో ఒక మూల కూర్చుండి, పది సంవత్సరములు ఫైళ్ళు మోసినను అతనిని ఎవరును పరిహసింపరు. నేర్చుకొనుచున్నాడందురు, రానున్నాడందురు. ఆ ఓపికలో నాలుగవ వంతు ఈ ఆడుబిడ్డలయెడల చూపుట కష్టమా? లోకమందలి కోట్లాది స్త్రీలలో తనకంటె బాగుగా బంతి కొట్టువారు మూడువందలమందికి మించి లేని ఒక తెలుగు యువతి, ఈ దినము కూడ ఏదో ఒక ఊరి బస్సుస్టాండులో రాకెట్టుల సంచి భుజమున వేసికొని, రేపటి మొదటి ఆటకు పోవుచుండును. ఆమె తండ్రి ఏ కచేరిలోనో పత్రము వ్రాయించుచుండును. ఆ పత్రముమీద సాక్షి సంతకములు మాత్రమే చేయుటకు మనము తృప్తిపడవలయునా, లేక ఆ అప్పులో మన వంతు తీసికొనవలయునా? మదనపల్లె, పుంగనూరు, కుప్పము పురజనులు ఆలోచింపవలయును. పఠనమందిరమున ఆ ప్రశ్న మరల పుట్టినప్పుడు మేము మాత్రము నవ్వము. మూడువందలు కూడ ర్యాంకే యని చెప్పి, నిధి పుస్తకము తెరచి, చందా వ్రాయుమని అడిగెదము.